పెద్దనాయిన నొక్కిన ఊళ్లు

ఉద్యోగం అనే మాటకు ఇంకా కొత్త బట్టల వాసన పోని ఆ రోజుల్లో, నేను మెలకువగా ఉన్నంతసేపూ ఏదో ఒక కల కంటూనే ఉండేదాన్ని. రాత్రి నిద్రలో మాత్రం ఏ కలా వచ్చేది కాదు (పగలే అన్నీ అయిపోయేవి కాబోలు). తినే అన్నంలో చెయ్యి అలాగే ఉండిపోయేది, అమ్మ పిలిచిన పిలుపు నాలుగు గోడలు తిరిగి చల్లారిపోయాక నాకు వినిపించేది. ఇంజినీరింగు చదివిన పిల్ల కాబట్టి ఏదో పెద్ద లెక్క చేసుకుంటోందని ఊళ్లోవాళ్లు అనుకునేవారు. ఆ గౌరవాన్ని నేను ఎప్పుడూ కాదనలేదు. నిజానికి ఆ సమయంలో నేను చూస్తున్నది గోడ మీద ఎండ ఎలా జరుగుతోందన్నది మాత్రమే. ఇలాంటి పిల్లకు ఫోన్లలో నడిచే యాప్‌లు రాసే పని ఎవరైనా ఇస్తారా అంటే, ఇచ్చారు. వనపర్తిలో, ఎరువుల దుకాణం పైన, మెట్లెక్కుతుంటేనే యూరియా ఘాటు ముక్కుకు తగిలే చిన్న ఆఫీసులో.

అక్కడ ఉండేది ముగ్గురం. మా సారు బెంగళూరులో కొన్నేళ్లు పనిచేసి, సొంతగడ్డ మీద ఏదైనా చేయాలని తిరిగొచ్చినవాడు. ఏ పని గురించి అడిగినా "వారంల అయిపోతది" అనేవాడు కాబట్టి, ఆయన లేనప్పుడు ఆయన పేరు వారం సారు. రెండో మనిషి నాకంటే ముందు చేరినతను. మెడలో ఎప్పుడూ చార్జర్ తీగ దండలా వేసుకుని తిరిగేవాడు, అతను చార్జరన్న. మూడో మనిషిని నేను. నాకు ఏ పేరు పెట్టుకున్నారో నా చెవిన పడకుండా వాళ్లిద్దరూ చాలా జాగ్రత్తపడ్డారు.

మేం చేస్తున్నది పెబ్బేరు సంత కోసం ఒక యాప్. ఎడ్లనో ఆవునో అమ్మదలచిన రైతు ఫొటో తీసి, వయసు, రంగు, అరక దున్నుతాయా లేదా అన్న నాలుగు ముక్కలు పెట్టి, చివరన తన ఊరు ఎంచుకుంటే చాలు. ఆ ఊరి వాళ్ల ఫోన్లకూ, సంతలో తిరిగే బేరగాళ్ల ఫోన్లకూ కబురు పోతుంది. రైతును ఎక్కువ బటన్లు నొక్కనివ్వకూడదని సారు పట్టుదల. "ఇంకో బటన్ పెడితే మనోళ్లు ఆడనే ఆగిపోతరు. ఊరు నొక్కుడే ఆఖరి పని. నొక్కంగనే కబురు పోవాలె" అనేవాడు. ఆ ఊరు ఎంచుకునే తెర రాయడం నా వంతు. ఫారంలో "మీ ఊరు" అన్నచోట వేలు పెడితే, అడుగు నుంచి ఇంకో తెర లేచి ఫారాన్ని కప్పేస్తుంది. అందులో ఊళ్ల పేర్లన్నీ వరుసగా ఉంటాయి. ఒక ఊరు నొక్కగానే ఆ తెర తప్పుకోవాలి, కింద మళ్లీ ఫారం కనిపించాలి, దాంట్లో ఆ ఊరి పేరు వచ్చి కూర్చోవాలి. ఇంతే పని. తెలిసినవాళ్లకు టీ తాగి వచ్చేలోపు అయిపోయే పని.

నేను ఆ తెరను ప్రేమించాను. అది ఎలా లేవాలన్నదాని మీద ఎన్ని పూటలు గడిపానో చెప్పను. దబ్బున ఎగిరి మొహం మీద పడకూడదు. తెల్లారగట్ల జూరాల కాలువ మీద పొగమంచు లేచినట్టు, లేస్తున్నట్టు తెలియకుండా లేవాలి. సగం లేచాక ఒక్క క్షణం ఊపిరి పీల్చుకున్నట్టు ఆగాలి. వెనక ఉన్న ఫారం మెల్లగా మసకబారాలి. వేగం కొంచెం తగ్గించి చూసేదాన్ని, కొంచెం పెంచి చూసేదాన్ని, మధ్యలో మబ్బు పడితే కిటికీ దగ్గరికి వెళ్లి దాన్ని చూసి వచ్చి మళ్లీ మార్చేదాన్ని. చార్జరన్న నా వెనక నిలబడి, "గిది సినిమాలెక్క లేస్తుంది గని, ఊరు నొక్కినంక పోతుందా?" అని అడిగాడు. పోతుందని నొక్కి చూపించాను. పోయింది. అతనూ తన ఫోనులో నొక్కి చూశాడు. పోయింది. సారు కూడా నొక్కి, "బేషుగ్గ ఉంది" అన్నాడు.

అది పోతున్నది మా బొటనవేళ్ల వల్లనని ముగ్గురిలో ఒక్కరికీ తెలియలేదు. రోజంతా ఫోన్లతో బతికేవాళ్లం కదా, ఊరు నొక్కడం, నొక్కిన మరుక్షణం తెరను బొటనవేలితో కిందికి లాగేయడం మా చేతులకు ఒకే పని అయిపోయింది. కన్ను రెప్ప వేసినట్టు, మనం చేస్తున్నామని మనకే తెలియదు. తెరను దింపమని చెప్పే ఆ ఒక్క వాక్యం మాత్రం నా కోడ్‌లో ఎక్కడా లేదు (బహుశా మబ్బు పట్టింది ఆ వాక్యం దగ్గరే అయి ఉంటుంది).

సరిగ్గా అప్పుడే మా ఇంట్లో ఇంకో సంగతి నడుస్తోంది. మా నాయినకు అన్న, మా పెద్దనాయిన, తన ఎడ్లను అమ్మాలి. ఆత్మకూరుకు ఇవతల రోడ్డు పక్కన ఉన్న మా పల్లెలో మా ఇల్లూ వాళ్ల ఇల్లూ ఒకే గోడకు అటూ ఇటూ ఉంటాయి. అందువల్ల వాళ్లింట్లో జరిగే మాటలన్నీ మాకు ఉచితం. ఆయనకు మోకాళ్లు అరిగిపోయాయి, అరక వెనక నడవొద్దని దవాఖానలో గట్టిగా చెప్పారు. ఎడ్లు కొట్టంలో ఊరికే నిలబడి ఉంటున్నాయి. అమ్మేయమని పెద్దమ్మ రోజూ అంటుంది, ఈయన "వచ్చే సంతకు తోల్కపోత" అంటాడు. ఆ వచ్చే సంత ఎప్పుడూ వచ్చే సంతగానే ఉండిపోయింది. ఒకదాని పేరు బూడిదోడు, ఒకదాని పేరు తెల్లోడు. ఆయనకు అమ్మడం కంటే, ఎవరి చేతిలో పడతాయో అన్నది పెద్ద దిగులు. "అరక కట్టెటోని చేతికి పోతె సరే. బేరగాళ్లు ఒకని మీదికెల్లి ఒకడు అమ్ముకుంట పోతె ఆఖరికి యాడ తేల్తయో తెల్వది" అనేవాడు. ఆ మాట గోడకు ఇవతల అన్నం తింటున్న నాకు వినిపించేది, ఎక్కడో నది దాటి పోతున్న ఎడ్లు నా కంచంలో కనిపించేవి.

మాటల్లో ఈ సంగతి సారు ముందు అన్నాను. ఆయన కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు. "మీ ఇంట్లనే ఎడ్లు పెట్టుకోని గిన్ని రోజులు చెప్పలేదేందమ్మా? మన యాప్‌ల మొదటి బేరం మీ పెద్దనాయినదే!" అన్నాడు. సంత పెద్దమనుషుల ముందే ఆ బేరం నడిపించి చూపిస్తే వాళ్లు వారం వారం మాకు అక్కడ ఒక బల్ల వేసుకోనిస్తారట. చూపించలేకపోతే, ఆయన నవ్వుతూనే అన్నాడు గానీ కళ్లు నవ్వలేదు, "దుకాణం బంద్ చేసి మళ్ల బెంగళూరు బస్సెక్కుడే." అంటే నేను ఇంటికి వెళ్లి, బి.ఇడి. చెయ్యమని అమ్మ చెప్పే పాట వింటూ కూర్చోవడమే. మొదటిసారి నాకు కొంచెం మెలకువ వచ్చింది.

పెద్దనాయిన ఈసారి కాదనలేకపోయాడు. బిడ్డ కొలువు మాట కదా. సంత రోజు తెల్లారేసరికి ఎడ్లను కడిగి, కొమ్ములకు నూనె రాసి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని పెబ్బేరు వచ్చాడు. తెల్ల ధోతి, భుజం మీద కొత్త తువ్వాల. పెళ్లికి వచ్చిన మనిషిలా ఉన్నాడు, మొహం మాత్రం అప్పగింతలప్పటి మొహం. సంత అప్పటికే దుమ్ములో మునిగి బంగారు రంగులో ఉంది. ఎటు చూసినా కొమ్ములు, గంటలు, తువ్వాలల కింద వేళ్లు పట్టుకుని మౌనంగా బేరాలాడుతున్న మనుషులు. ఆ దుమ్ములోంచి ఎండ పడుతుంటే ప్రతి ఎద్దూ అప్పుడే నేలలోంచి పుట్టినట్టు కనిపించింది నాకు. సారు కాస్త దూరంలో పెద్దమనుషులకు యాప్ గొప్పలు చెప్తున్నాడు, చార్జరన్న చెరుకు రసం దుకాణంలో కరెంటు కోసం వెతుకుతున్నాడు. నేను గడ్డిమోపు మీద పెద్దనాయిన పక్కన కూర్చుని ఆఫీసు ఫోను ఆయన చేతికిచ్చాను. ఫొటో ఆయనే తీశాడు. వయసు పెట్టాడు, రంగు పెట్టాడు. "మీ ఊరు" దగ్గర వేలు పెట్టగానే నా తెర లేచింది, పొగమంచులా.

"మంచిగ లేచింది బిడ్డా" అన్నాడాయన. నాకు అంతకంటే ఏం కావాలి! "ఇగ యాడ నొక్కాలె?"

"మన ఆత్మకూరు నొక్కు పెద్దనాయినా."

నొక్కాడు. పేరు పక్కన పచ్చగా టిక్కు పడింది. తెర అలాగే నిలబడి ఉంది. ఆయన బొటనవేలు మా బొటనవేళ్ల లాంటిది కాదు. నొక్కమన్నచోట నొక్కి, మర్యాదగా వెనక్కి తీసుకుంది. "పోతలేదు బిడ్డా" అన్నాడు. "మళ్లొక్కసారి నొక్కు" అన్నాను నేను, తెల్లోని గంగడోలు మీద ఎండ ఆడుతుంటే దాన్ని చూస్తూ. నొక్కాడు. పోలేదు. కాసేపు ఆలోచించి, "దీనికి ఆత్మకూరు నచ్చుతలేనట్టుంది. పోనీ అమరచింత ఇద్దామా? అది గూడ మనదే లెక్క. చిన్నగున్నప్పుడు నాకు అరక పట్టుడు నేర్పింది ఆడున్న మా మేనమామనే. తొలి సాలు ఎంత వంకర కొట్టిననంటే, పాము పోయిందా అని అడిగిండు" అంటూ అమరచింత నొక్కాడు.

ఇక్కడ ఏ బుద్ధిమంతురాలైనా ఫోను తీసుకుని చూసేది. నేనేమో ఆ వంకర సాలును చూస్తున్నాను. ఎర్రమట్టిలో మెలికలు తిరుగుతూ పోతున్న ఆ సాలు, దాని వెనక నిక్కరు జారిపోతున్న పిల్లవాడైన పెద్దనాయిన. "తర్వాత?" అన్నాను. ఆ ప్రశ్న ఆయన ఫోను గురించి అనుకున్నాడో కథ గురించి అనుకున్నాడో గానీ, వేలు ఇంకో ఊరి మీదికి పోయింది. గద్వాల జాతరలో తప్పిపోయి, ఏడవకుండా ఒక మిఠాయి దుకాణం ముందు నిలబడితే, తప్పిపోయిన పిల్లవాడని జాలిపడి ఆ దుకాణం ఆయన లడ్డూలు పెట్టాడట. ఇంటివాళ్లకు దొరికిపోయినందుకు అప్పుడు ఏడ్చాడట. గద్వాల నొక్కాడు. నాగర్‌కర్నూలులో కంటి ఆపరేషన్ అయ్యి కట్టు విప్పగానే మొదట కనిపించింది పక్క మంచం ముసలాయన మొహమట. "గాయన మొహం చూసి నా కన్ను ఖరాబైందనే అనుకున్న" అన్నాడు. నాగర్‌కర్నూలు నొక్కాడు. కొల్లాపూర్ మామిడితోటలో కావలివాని కంటపడి చెట్టు మీదే పొద్దు గుంకేదాకా కూర్చున్నది చెప్పి కొల్లాపూర్ నొక్కాడు. పెద్దమ్మ పుట్టిల్లు కాబట్టి అయిజను కాదనలేక అయిజ నొక్కాడు. బీచుపల్లి దగ్గర మాత్రం మీసంలో నవ్వుకుని, మెత్తగా నొక్కాడు. నాకు అప్పటికి ఫోనూ లేదు, కొలువూ లేదు, సంతా లేదు. ఆయన వేలు వెళ్లిన ఊరికల్లా నేనూ వెళ్లి వస్తున్నాను.

లోకంలోకి నన్ను లాక్కొచ్చింది ఒక చప్పుడు. పక్కనే ఉన్న బేరగాని జేబులో ఫోను టింగుమంది. దాని వెనకే ఇంకొకరిది. చూస్తూ చూస్తూ ఉండగానే మా చుట్టూ జేబులన్నీ మోగడం మొదలుపెట్టాయి (తెర దిగకపోయినా, నొక్కిన ప్రతి ఊరి పేరుతో కబురు పోతూనే ఉంది. సారు అంతకుముందు సంతల్లో తిరిగి తిరిగి అందరి ఫోన్లలోనూ యాప్ వేయించి పెట్టాడు, ఆయన కష్టం వృథా పోలేదు). రాయచూరు వైపు నుంచి వచ్చే లావాటి బేరగాడొకాయన, అప్పటిదాకా మా ఎడ్ల వైపు కన్నెత్తి చూడనివాడు, చెప్పులు విడిచి మరీ పెద్దనాయిన ముందుకొచ్చి చేతులు జోడించాడు.

"ఏన్ యజమానరే! ఊరూరిగె ఒందు జోడి ఇదెయంతె?" అన్నాడు. ఊరికో జోడీ ఉన్నదటగా అని అడుగుతున్నాడని పక్కనున్నవాళ్లు నవ్వుతూ చెప్పారు. "గద్వాలల ఉన్నయి, కొల్లాపూర్ల ఉన్నయి, అన్ని గిసొంటియే, అన్నిటికి గవే రంగులు! గిన్ని జోళ్లు గిట్ల ఒక్క తీరుగ యాడ దొరికినయి పటేలా?" అని ఇంకొకాయన. నిమిషాల్లో గుంపు చేరింది. పెద్దనాయిన మొదట బిక్కమొహం వేశాడు. తరువాత చూస్తే వెన్ను నిటారుగా అయ్యింది, తువ్వాల ఇటు భుజం నుంచి అటు భుజానికి మారింది. "ఉంటయి, ఉంటయి. అన్ని ఊర్లు మనయే" అన్నాడు. అబద్ధం చెప్పే అలవాటు లేని మనిషి. అది ఆయనకు ఆ క్షణంలో నిజంగానే అనిపించి ఉంటుంది.

అప్పుడు నా ఫోను మోగింది. పెద్దమ్మ. "ఏమే, మీ పెద్దనాయిన యాడున్నడు?" అన్న గొంతులోనే సంగతి ఉంది. "అయిజకెల్లి మా తమ్ముడు ఫోన్ చేసిండు. బావ ఎడ్లు ఈడ అమ్మకానికి పెట్టిండంట, మా ఇంటికి రాకుండ ఎవలింట్ల కట్టేసిండు అని అడుగుతుండు. గా మాట అయితుండంగనే గద్వాలకెల్లి మా చిన్నమ్మ కొడుకు. ఏందే గిది? ఊరూరికి ఎడ్లున్నయంటే ఊరూరికి కొట్టం ఉన్నట్టే గద? కొట్టం ఉన్నకాడ ఇల్లు ఉండదా? ఇల్లు ఉన్నకాడ ఎవలుంటరు?" నేను ఏదో చెప్పబోయాను. "నువ్వేం చెప్పకు. నేనొస్తున్న. కదలకుంట ఆడనే ఉండుమను" అని పెట్టేసింది.

సారు పరుగెత్తుకొచ్చాడు. పెద్దమనుషులూ ఆయన వెనకే వచ్చారు. "ఏమైందమ్మా?" "తెర దిగుతలేదు సార్." "దిగుతుండె గద!" అంటూ ఆయన ఫోను అందుకుని ఒక ఊరు నొక్కాడు. దిగింది. (పెద్దనాయిన ఎడ్లకు ఇంకో ఊరు చేరింది.) చార్జరన్న తీసుకుని నొక్కాడు. దిగింది. పెద్దనాయిన నొక్కాడు. దిగలేదు. పెద్దమనుషుల్లో ఒకాయన "గాయన చెయ్యి మంచిది గాదేమో" అన్నాడు. చార్జరన్న మళ్లీ నొక్కబోతూ, గాలిలోనే ఆగి, తన బొటనవేలి వైపు చూసుకున్నాడు. అది అప్పటికే కిందికి లాగడానికి వంగి ఉంది. ముగ్గురం మూడు బొటనవేళ్లనూ చూసుకున్నాం. సారు మొహంలో బెంగళూరు బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్లింది.

"ఎంత సేపు పడతది?" అన్నాడు. జీవితంలో ఒక్కసారి ఆయన నోట వారం మాట రాలేదు, నేనే అనబోయాను. చార్జరన్న చెరుకు రసం దుకాణం నుంచి మెడలో తీగలన్నీ కలిపి గడ్డిమోపుల దాకా కరెంటు లాగాడు. నేను ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుని, ఒకవైపు బూడిదోని ఊపిరి చెవికి తగులుతుంటే, ఊరు నొక్కగానే తెర దిగాలి అన్న వాక్యం రాశాను. అంత చిన్న వాక్యమా అని నాకే సిగ్గేసింది. తప్పుడు ప్రకటనలన్నీ తీసేసి, కొత్తది ఫోనులోకి ఎక్కించి పెద్దనాయినకు ఇచ్చాం. గుంపంతా మెడలు సాచింది. అప్పటికి పెద్దనాయిన, ఒక్క నొక్కుడుకు ఈ వస్తువు మాట వినదని బాగా నేర్చుకుని ఉన్నాడు. అందుకని ఆత్మకూరు మీద వేలితో టకటకా రెండు దెబ్బలు వేశాడు. మొదటి దెబ్బకు ఊళ్ల తెర దిగింది. రెండో దెబ్బకు దాని కింద ఉన్న ఫారం కూడా దిగిపోయింది. చివరకు ఖాళీగా తెల్లటి అద్దం.

"పోయింది బిడ్డా! తెల్లోనితోటి సహ అంత పోయింది!" అని ఆయన ఎందుకైనా మంచిదని వెనక్కి తిరిగి ఎడ్లు ఉన్నాయో లేదో చూసుకున్నాడు.

మళ్లీ కూర్చున్నాను. ఒకసారి ఊరు ఎంచుకున్నాక, ఆ తెర దిగిపోయేలోపు ఎన్నిసార్లు తట్టినా పట్టించుకోకూడదు, చెవిటిదైపోవాలి అని రాయాలి. రాస్తున్నంతసేపూ నా తల ఎన్నడూ లేనంత నిశ్చలంగా ఉంది. దుమ్ము లేదు, ఎండ లేదు, గంటలు లేవు. అలాంటి నిశ్శబ్దం ఒకటి పనిలో ఉంటుందని నాకు ఆ రోజే తెలిసింది. అదీ ఒక కల లాగే ఉంది, కాకపోతే అందులో నేనున్నాను.

మూడోసారి ఫోను ఆయన చేతికి వచ్చింది. ఆత్మకూరు నొక్కాడు. తెర దిగింది. లేచినంత అందంగా కాదు, ఏ హంగూ లేకుండా మామూలుగా, పని అయిపోయిన మనిషి పక్కకు తప్పుకున్నట్టు తప్పుకుంది. కింద బూడిదోడు, తెల్లోడు పక్కపక్కన నిలబడ్డ ఫొటో, దాని కింద ఆత్మకూరు అన్న పేరు. గుంపులో ఎవరో చప్పట్లు కొట్టారు, సారు నా తల మీద చెయ్యి పెట్టాడు.

"ఇగ అయిపోయినట్టేనా?" అన్నాడు పెద్దనాయిన.

"అయిపోయింది!" అన్నాను గెలిచిన గొంతుతో, అని ఆయన మొహం చూశాను. ఊళ్లు పోకుండా నిలబడి ఉన్నంతసేపూ ఆయన దగ్గర ముచ్చట్లు ఉన్నాయి. ఇప్పుడేమీ లేవు. ఫోను నాకిచ్చేసి, లేచి వెళ్లి, ఎడ్ల మధ్యన నిలబడ్డాడు. రాయచూరు ఆయన తువ్వాల తీసి చెయ్యి ముందుకు చాపాడు. పెద్దనాయిన చెయ్యి తువ్వాల కిందికి వెళ్లలేదు.

ఆ సమయానికి గుంపును చీల్చుకుంటూ పెద్దమ్మ వచ్చింది. వస్తూనే నిలదీసింది, ఆయన తలవంచుకుని అన్నీ విన్నాడు. తెర సంగతి నేను ముక్కలు ముక్కలుగా చెప్పాను. అన్నీ విని, అంతా నమ్మి, ఒక్కటి మాత్రం వదల్లేదు. "అయిజ అంటె మా ఊరు, సరే. గద్వాల జాతర, సరే. బీచుపల్లి ఎందుకు నొక్కినవు?"

ఆయన బూడిదోని వీపు మీద లేని దుమ్ము దులుపుతూ, "ఆడ ఏటి మెట్ల మీద నువ్వు కాళ్లు కడుక్కుంటుంటివి గద, మొదలు చూసినప్పుడు" అన్నాడు. గుంపు గొల్లుమంది. పెద్దమ్మ కొంగు నోటికడ్డం పెట్టుకుని, "ముసలితనానికి సిగ్గు లేదు" అంటూ తెల్లోని వెనక్కి వెళ్లి దాక్కుంది.

ఆ నవ్వుల్లోనే ఒక ఆటో వచ్చి ఆగింది. అందులోంచి దుమ్ముకొట్టుకుపోయిన ఒక జంట దిగింది, వయసులో ఉన్నవాళ్లు. ఆమె చేతిలో ఫోను ఉంది. "బీచుపల్లిల ఎడ్లున్నయని ఫోన్ల వచ్చిందన్నా. మాది ఆడనే. ఇల్లిల్లు తిరిగి అడిగినం, ఎవలు మాయి గాదన్నరు. సంతల చూడుండ్రి అంటె వచ్చినం" అంది. కౌలుకు పొలం పట్టారట, దుక్కికి జోడీ కావాలట. ఆ ప్రకటన తప్పు అని చెప్పాలా, మా యాప్ గొప్పతనమని చెప్పాలా సారు తేల్చుకోలేకపోయాడు. ఆమె ఎవరినీ అడగకుండా ఎడ్ల దగ్గరికి వెళ్లింది. గిట్టలు చూసింది, తెల్లోని మెడ కింద గోకింది. తరువాత పెద్దనాయిన వైపు తిరిగి, "ఏమని పిలిస్తె పలుకుతయి?" అని అడిగింది.

పొద్దుటి నుంచి ఎంతోమంది ఎన్నో అడిగారు. ఆ మాట ఎవరూ అడగలేదు. పెద్దనాయిన పేర్లు చెప్పాడు. తెల్లోన్ని ఎప్పుడూ కుడివైపే కట్టాలని చెప్పాడు. బూడిదోడు ఉరుముకు బెదురుతాడని, అప్పుడు పక్కన నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉంటే చాలని చెప్పాడు. ఆమె భర్త ప్రతిదానికీ తల ఊపుతుంటే ఆమె పెదవులు కదిలిస్తూ మనసులో రాసుకుంది. రాయచూరు ఆయన ఇంకా ఎక్కువ ఇస్తానని వేలు చూపించాడు. పెద్దనాయిన తన కొత్త తువ్వాల తీసి ఆ కుర్రవాని చేతి మీద కప్పాడు. ఆ తువ్వాల కింద ఏం మాట్లాడుకున్నారో నాకు తెలియదు. పెద్దమ్మ అయితే, "ఏటికి పోయినప్పుడల్లా చూసి రావొచ్చు" అని అటు తిరిగి తనలో తను అనుకున్నట్టు అంది. సంత పెద్దమనిషి సారు భుజం తట్టి, "నీ యాప్ సంగతి నాకు తెల్వది గని, సందడి మస్తయింది. వచ్చే వారం గూడ రా" అన్నాడు. "వారంలనా?" అని మా సారు సంతోషంతో ఏడ్చినంత పని చేశాడు.

ఇదంతా జరిగి కొన్నేళ్లయింది. ఆ ఆఫీసు ఇప్పుడు ఇంకో అంతస్తు పైకి పెరిగింది, నేను హైదరాబాదు వచ్చేశాను. నా దగ్గర పని నేర్చుకునే పిల్లలు లిస్టు తెర రాసి చూపిస్తే, ముందు వాళ్ల బొటనవేళ్లను వెనక్కి పెట్టుకోమంటాను. మేడమ్‌కు ఇదొక చాదస్తమని వాళ్లు కళ్లతో చెప్పుకోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది.

కానీ ఆ రోజు తలుచుకుంటే నాకు ముందుగా గుర్తొచ్చేది యాపూ కాదు, ఎడ్లూ కాదు. తిరుగు బస్సు. పొద్దు వాలుతోంది. పెద్దమ్మ అలసిపోయి ముందు సీటు కడ్డీకి తల ఆనించి నిద్రపోయింది. పెద్దనాయిన ఖాళీ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ల మీద పెట్టుకుని కూర్చున్నాడు. "మన స్టేజి వస్తె చెప్పు బిడ్డా, నాకు కండ్లు మూస్కపోతున్నయి" అని నాకు అప్పజెప్పాడు. నేను సరేనని బయటికి చూస్తూ కూర్చున్నాను. గుట్టల మీద ఆఖరి వెలుగు నీళ్లలా జారుతోంది, కోసేసిన చేలలో కొంగలు ఎవరో వెల్ల వేసినట్టు నిలబడి ఉన్నాయి. మా స్టేజి వచ్చింది, ఆగింది, ఎవరూ దిగకపోతే వెళ్లిపోయింది. నేను దాన్ని కూడా చూశాను, ఎంత బాగుందో అనుకుంటూ.

తరువాతి స్టేజిలో కండక్టర్ లేపి దింపేశాడు. పెద్దమ్మ నన్ను తిట్టుకుంటూ ముందు నడిచింది, నేను వెనక, నా వెనక పెద్దనాయిన. కొంతదూరం వచ్చాక వెనక నుంచి చిన్న నవ్వు వినిపించింది. ఆ రోజు సంత వదిలాక ఆయన నవ్వడం అదే మొదలు. "పోనియ్యి, తిట్టకే. ఎడ్లు లేవు గద, ఇంటికి తొందరేముంది?" అన్నాడు. పెద్దమ్మ తిట్టడం ఆపి, ఆయనతో కలిసి నడవడానికి ఆగింది.

ఇప్పుడు నేను ఏ స్టేజీ దాటిపోనివ్వను. చెవిలో ఫోను చెప్తుంది, దిగిపోతాను. కానీ ఆ సాయంత్రం బస్సులో కడ్డీ పట్టుకుని, నోరు కొంచెం తెరిచి కొంగలను చూస్తున్న ఆ పిల్ల పక్క సీటు ఎప్పుడైనా నాకు దొరికితే, ఏమీ అనకుండా కూర్చుంటాను. స్టేజి వస్తోందని తెలిసినా ఆమెను కదిలించను.